లోవమ్మ చూసిన అమావాస్య

సముద్రం ఇంకా ఇప్పుడున్న చోటికి రాని కాలం. ఏరు తన దారి తాను వెతుక్కుంటున్న కాలం. ఏ కాలమని అడక్కండి, ఈ కథ మా తాతకి చెప్పిన తాతకి కూడా తెలియదు.

ఆ కాలంలో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పల్లె ఉండేది. నలభై గడపలు. ఒక వానాకాలం ఏరు పక్కకి ఒత్తిగిలింది. ఒక వారం గట్టు తినేసింది. ఒక వారం దారి తినేసింది. ఒక వారం ఇళ్లు తినేసింది. నలభై గడపల జనమూ ఎగువన పొలాల గట్టు మీద తాటాకులు కప్పుకుని కూర్చున్నారు.

ఆ సీమ దొర మంచివాడే. కానీ ఇళ్లు మళ్లీ ఎక్కడ వేయించాలో ఆయనకి తెలియదు. దూరాన ఒక విద్యాపీఠం ఉంటే, అక్కణ్ణించి ముగ్గురు విద్యార్థుల్ని పిలిపించాడు.

"మొగంతా చూడండి. నలభై ఇళ్లు నిలిచే చోటు చెప్పండి. దసరా దశమికి అందరూ కొత్త ఇళ్లలో ఉండాలి" అన్నాడు.

ముగ్గురూ కష్టపడ్డారు, ఆ మాట ఒప్పుకోవాలి. పెద్దవాడు వామనభట్టు నీళ్లు కొలిచాడు. గీతలు గీసిన వెదురు గెడ పాతి, పోటుకి నీళ్లు ఎంత ఎక్కాయి, పాటుకి ఎంత దిగాయి అని చూశాడు. నడిమివాడు అనంతుడు మట్టి తవ్వాడు. ఇసక ఎక్కడ, ఒండ్రు ఎక్కడ, జిగురు ఎక్కడ అని వేళ్ల మధ్య నలిపి చూశాడు. చిన్నవాడు మాచన ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్లూ కొంగలూ పీతలూ గుల్లలూ లెక్కపెట్టి తాటాకు మీద రాశాడు. ఇలా మూడు పక్షాలు గడిచాయి.

చివరికి ముగ్గురూ తెల్లతిప్పని చూపించారు. మొగ పక్కనే ఎత్తయిన ఇసక మేట అది. కాలికి గట్టిగా తగిలే నేల. రెండు మూరలు తవ్వితే తియ్యటి నీళ్లు. పడవలు లాక్కోవడానికి మంచి వాలు. తిప్పకీ ఒడ్డుకీ మధ్య పల్లంగా సన్నటి దారి. దాన్ని తిప్ప మెడ అనేవాళ్లు.

"నీళ్లు చూశాం, మట్టి చూశాం, చెట్టు చూశాం. తెల్లతిప్పే తగిన చోటు" అని దొరకి తాటాకు రాసి పంపారు.

ఊరంతా సంతోషించింది. ఒక్క లోవమ్మ తప్ప.

లోవమ్మ పీతలు పట్టేది. మొగుడు లేడు. ఒక కూతురు, ముత్యాలు. ఆ కూతురి గడపలోనే ఉండేది. ముత్యాలుకి పొత్తిళ్లలో బిడ్డ. లోవమ్మ చేతిలో ఎప్పుడూ నిలువెత్తు ఇనుప కొక్కెం ఉండేది. బురదలో బొక్క కనిపిస్తే కొక్కెం దింపి, చెయ్యి గిల్లించుకోకుండా పీతని పైకి లాగేది. మోకాళ్ల దాకా బురద, నడుం వంగిపోయి ఉండేది. ఎదురుపడితే జనం ముక్కు మీద కొంగు వేసుకునేవాళ్లు. ఆమె ఏమీ అనుకునేది కాదు.

ఆమెకి ఒక రహస్యం ఉంది. అమావాస్య నాడు ఆ ఊళ్లో ఎవరూ నీళ్లలో దిగరు. ఆ రోజు వల ఆరేస్తారు, పడవ బోర్లిస్తారు, గడప దాటరు. అది వాళ్ల కట్టు. కానీ అమావాస్య పాటుకి బురద బయట పడినంత మరే రోజూ పడదు. పీతలు ఎక్కువగా దొరికేది ఆ రోజే. కడుపుకి కట్టు తెలియదు గదా. లోవమ్మ అమావాస్య నాడు మడచెట్ల చాటున దిగేది. ఆ పీతల్ని పాడ్యమి నాడు అమ్మేది. ఎన్నేళ్లుగానో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాలి. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే పొత్తిళ్ల బిడ్డ తెల్లతిప్ప మీద నిద్రపోతుంది.

లోవమ్మ ముందు పెద్దవాడి దగ్గరికి వెళ్లింది.

"నీళ్లు చూశాం" అన్నాడు వామనభట్టు.

"చూశారు బాబూ. చూడని రోజు ఒకటుంది."

"ఏ రోజు?"

"అమావాస్య."

వామనభట్టు నవ్వాడు. "అమావాస్య నాడు గెడ ముట్టుకునేవాడు ఎవడమ్మా? పున్నమి నాడు కొలిచాం. ఆ పోటూ ఈ పోటూ ఒకటే. శాస్త్రంలో ఉంది."

"శాస్త్రంలో ఒకటేనేమో బాబూ. ఈ ఏటిలో పున్నం పోటు చిన్నక్క, అమావాస్య పోటు పెద్దక్క. పోయిన అమావాస్య నాడు తిప్ప మెడ మీద నా నడుం దాకా నీళ్లొచ్చాయి. వచ్చే అమావాస్యకి తూర్పు గాలి కూడా తోడొస్తుంది."

"ఎవరు చూశారు?"

లోవమ్మ కొక్కెం నేలకి ఆనించింది. "నేనే చూశాను" అంది.

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది. కులపెద్ద గంగులు ఆమెని పిలిపించాడు.

"ఏమే లోవమ్మా, ఇన్నేళ్లూ అమావాస్య నాడు ఏట్లో దిగుతున్నావా?"

"దిగాను మావా."

"ఏరు ఊరిని ఎందుకు తినేసిందా అనుకున్నాం. తినదా మరి?"

ఎవరో వెనకనుంచి "మనకి అమ్మింది అమావాస్య పీతలా" అన్నారు. ఒకామె ఉమ్మేసింది. గంగులు తీర్పు చెప్పాడు. కొత్త ఊళ్లో లోవమ్మకి గడప లేదు. తిప్ప మీద కాలు పెట్టకూడదు. ముత్యాలు ఏడ్చింది గానీ, మొగుడి వెంట వెళ్లక తప్పలేదు.

లోవమ్మ మడచెట్ల దగ్గర నాలుగు కొమ్మలు వంచుకుని గుడిసె వేసుకుంది. మర్నాడే నడిమివాడి దగ్గరికి వెళ్లింది.

"మట్టి చూశాం" అన్నాడు అనంతుడు.

"చూశారు బాబూ. తీపి నీళ్లు తగలగానే ఆపేశారు. ఇంకొంచెం తవ్వండి."

తిప్ప మీద కాలు పెట్టకుండానే, మెడ దగ్గర నిలబడి తిప్ప వాలుని ఆమే కొక్కెంతో తవ్వి చూపించింది. పైన తెల్లటి ఇసక. కింద నల్లటి బురద, అందులో కుళ్లిన మడవేళ్లు. దాని కింద మళ్లీ ఇసక, పగిలిన గుల్లలు. దాని కింద మళ్లీ నల్లటి బురద.

"ఇది నేల కాదు బాబూ. సముద్రం మోసుకొచ్చి దించిన మూట. దించినోళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుకుపోతారు."

అనంతుడు ఆ నల్లటి బురద తీసి వేళ్ల మధ్య నలిపాడు. "ఆకు దొర దగ్గరికి వెళ్లిపోయిందమ్మా" అన్నాడు నెమ్మదిగా. గొయ్యి పూడ్చేశాడు.

దశమి వచ్చింది. నలభై గడపలూ తిప్ప ఎక్కాయి. ముత్యాలు ఇల్లు అన్నిటికన్నా చివర, సముద్రం వైపు.

పున్నమి వెళ్లాక, బహుళ త్రయోదశి నాడు లోవమ్మ చిన్నవాడి దగ్గరికి వెళ్లింది.

"చెట్టు చూశాం" అన్నాడు మాచన.

"ఎన్ని గుల్లలు ఉన్నాయో రాశారు బాబూ. ఎంత ఎత్తున ఉన్నాయో రాశారా?"

మాచన తన తాటాకు తిప్పి చూసుకున్నాడు. లోవమ్మ అతన్ని మడచెట్టు దగ్గరికి తీసుకుపోయింది. కాండం చుట్టూ తెల్లటి గుల్లలు అంటుకుని ఉన్నాయి. పక్కనే పాతి ఉన్న వామనభట్టు గెడ మీద నీళ్లెక్కిన చివరి గీత మాచన మోకాలి దగ్గరుంది. గుల్లలు అతని రొమ్ము దాకా ఉన్నాయి.

"నీళ్లు తగలందే గుల్ల బతకదు బాబూ."

మాచన పరుగెత్తుకెళ్లి పెద్దవాడికి చెప్పాడు. "పాత చెట్టు, పాత గుల్లలు" అన్నాడు వామనభట్టు. మాచన గంగులు దగ్గరికి పరుగెత్తాడు. "ఎల్లుండి అమావాస్య. ఆ మాట మళ్లీ ఎత్తకండి" అన్నాడు గంగులు.

అమావాస్య తెల్లారింది. తూర్పు గాలి రెండు రోజులుగా ఆగలేదు. తిప్ప మీద పడవలు బోర్లించి ఉన్నాయి. తలుపులు మూసి ఉన్నాయి. కిటికీలోంచి చూసినవాళ్లకి ఎదురుగా సముద్రం మామూలుగానే కనిపించింది. నురగ ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతోంది.

ఒడ్డున బసలో మాచన గడప దగ్గర నిలబడ్డాడు. అమావాస్య నాడు పని ముట్టకూడదని గురువు చెప్పిన నియమం గుర్తొచ్చింది. చెట్టు మీద గుల్లలు గుర్తొచ్చాయి. గడప దాటాడు.

మెడ దగ్గర లోవమ్మ అప్పటికే మోకాలి లోతు నీళ్లలో ఉంది.

"నీళ్లు ముందు నుంచి రావు బాబూ, వెనక నుంచి వస్తాయి. తిప్ప వెనకున్న ఉప్పుటేటిలోంచి. మెడ మునిగాక తిప్ప వంతు. మీరెళ్లి పిలవండి. నా కాలు అక్కడ పడకూడదన్నారు."

మాచన పరుగెత్తాడు. తలుపులు కొట్టాడు. ఎవరూ తీయలేదు. గంగులు లోపల్నుంచే "అమావాస్య నాడు సామాను బయట పెట్టిన ఇల్లు నిలవదు బాబూ. పొద్దుగూకనివ్వండి" అన్నాడు.

"ఒక్కసారి వెనక్కి చూడండి."

"చూడం."

మాచన చివరి ఇంటికి వెళ్లాడు. "ముత్యాలమ్మా, మీ అమ్మ మెడ మీద నీళ్లలో నిలబడి ఉంది. నడుం దాకా వచ్చాయి."

తలుపు తెరుచుకుంది. ముత్యాలు బిడ్డని భుజాన వేసుకుని గడప దాటింది. ఆమె వెనక మొగుడు దాటాడు. ఆమెని చూసి పక్కింటివాళ్లు, వాళ్లని చూసి మిగతా గడపలవాళ్లూ దాటారు. అప్పుడు అందరూ వెనక్కి చూశారు. మెడ లేదు. ఒడ్డుకీ తమకీ మధ్య ఎర్రటి నీళ్లు పరుగెడుతున్నాయి. ఆ నీళ్ల నడుమ లోవమ్మ, చేతిలో నిలువుగా కొక్కెం.

"నా కుడిపక్క నుంచి రండి" అని అరిచింది. "కింద గుల్ల నేల ఉంది, గట్టిది. ఎడమ పక్క అడుగు వేయకండి. జిగురు, కాలు వదలదు."

ముత్యాలు మొదట వచ్చింది. తల్లి పక్క ఒక్క క్షణం ఆగింది.

"ఆగకే. నీ వెనక ముప్పై తొమ్మిది గడపలున్నాయి" అంది లోవమ్మ.

పది గడపలు దాటేసరికి నీళ్లు ఆమె నడుం దాటాయి. ఇరవై దాటేసరికి రొమ్ము దాటాయి. ముప్పై దాటేసరికి భుజాల దాకా వచ్చాయి. ఆమె కదిలితే గట్టినేల ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆమె కదల్లేదు. దాటినవాళ్లు ఒక్కొక్కరూ ఆమె భుజం పట్టుకుని దాటారు. ముక్కు మీద కొంగు వేసుకున్న చేతులే అవి.

చివర గంగులు వచ్చాడు. ముసలాడు, తడబడ్డాడు. లోవమ్మ కొక్కెం కొస అందించింది.

"పట్టుకో మావా. అమావాస్య నాడు ఇనుము ముట్టుకోవచ్చో లేదో ఒడ్డెక్కాక ఆలోచిద్దువు గాని."

గంగులు రెండు చేతులా ఆ ఇనుము పట్టుకున్నాడు. ఆమె లాగి, కుడిపక్కకి తోసింది. ఆ తోపుకి ఆమె ఎడమ కాలు జిగురులోకి జారింది. గంగులు ఒడ్డెక్కి వెనక్కి తిరిగేసరికి నీళ్ల మీద కొక్కెం కొస ఒక్కటే నిలబడి ఉంది.

పాటు తీశాక అందరూ దిగి వెతికారు. కొక్కెం గుల్ల నేలలో దిగబడి ఉంది. లోవమ్మ దొరకలేదు. ఆ రోజు మూడు ఇళ్లు పోయాయి. కార్తీకం వెళ్లేలోపు తెల్లతిప్ప రెండు ముక్కలై, ఆ ముక్కలూ కరిగిపోయాయి. మూట దించినోళ్లే ఎత్తుకుపోయారు.

దొరకి కొత్త ఆకు రాసింది మాచన. మడచెట్ల వెనక, గుల్లలు ఎక్కని ఎత్తున చోటు చూపించాడు. అందులో మొదటి పంక్తి ఇది: "మేము నీళ్లు చూశాం, మట్టి చూశాం, చెట్టు చూశాం. అమావాస్య చూడలేదు." దాని కింద ముగ్గురూ పేర్లు రాశారు. వామనభట్టు తన పేరు తానే ముందు రాశాడు.

మరుసటి అమావాస్య నాడు గడప దాటిన మొదటివాడు గంగులు. కొక్కెం దగ్గర మడకర్ర గుంజ పాతి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బురదతో గీత పెట్టాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో అమావాస్య నాడు వల తీయరు. కానీ పోటు వేళకి ఇంటికొకరు మొగ దగ్గరికి వస్తారు. లోవమ్మ గుంజ మీద ఆ నెల గీత పెట్టి పోతారు. గుంజ పుచ్చితే కొత్తది పాతుతారు, పాత గీతలన్నీ దాని మీదికి ఎక్కిస్తారు. ఇల్లు కట్టేవాడు ముందు ఆ గుంజ చూసి వస్తాడు.

చదువుకునే పిల్లలు కూడా వస్తుంటారు అక్కడికి. సీసాల్లో నీళ్లు పట్టుకుంటారు, గొట్టాలతో మట్టి తీస్తారు, చెట్లకి నెంబర్లు కడతారు. సాయంత్రం పుస్తకాలు మూసి సామాను సర్దుకుంటుంటే, పీతలమ్మే ఆడవాళ్లలో ఎవరో ఒకరు బుట్ట దించి అడుగుతారు.

"అమావాస్య చూశారా బాబూ?"

చూడలేదంటే, పక్కనే చోటు చూపిస్తారు.

"అయితే ఇంకా రాయకండి. కూర్చోండి."