ఒక్క ఫ్లాషు, రెండు ముఖాలు

ఏది ముందో ఏది వెనకో కాస్త అటూ ఇటూ చెబుతానేమో, సర్దుకోండి. తప్పులుంటే పక్కనే కూర్చున్న మా కామేశ్వరి దిద్దుతుంది.

చోడవరంలో పైడయ్య ఇంటి తెలివి ఊరంతా పంచినా ఇంకా మిగులుతుందని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. వాన రాకముందే తడిసి కూర్చుంటే వాన మనల్నేమీ చెయ్యలేదని కనిపెట్టింది వాళ్ళే మరి.

పైడయ్య భార్య గౌరమ్మకు ఒకటే కోరిక. పెళ్ళి ఫొటోలో ఎవరి గొడుగో ఆమె ముఖానికి అడ్డొచ్చింది. మొగుడి పక్కన తన ముఖం కనపడేలా ఒక్క ఫొటో కావాలి. సరేనని ఆమె తమ్ముడు సన్నిబాబును కూడా వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్ళారు.

"రెండో ఫ్లాషు కాలిపోయిందమ్మా, ఒక్కదానితోనే తీస్తాను" అన్నాడు ఫొటోగ్రాఫరు భద్రం.

గౌరమ్మ మొగుడి వైపు తిరిగింది. "మనిషికొకటి లేదటయ్యా!"

"చెరి సగం తీసుకుందామే" అన్నాడు పైడయ్య. అంతే, ఇద్దరూ చెరో కన్ను మూసుకుని, చెంపకు చెంప ఆనించి కూర్చున్నారు.

"కళ్ళు తెరవండి బాబూ! వెలుగు ఒక పక్కనుంచే వస్తుంది. రెండో పక్క తెల్లటిదేదైనా పట్టుకుంటే, దానికి తగిలి మళ్ళీ మీ మీద పడుతుంది."

తెల్లటిదంటే పైడయ్యకు కనిపించింది తన పంచె. ఇంకేముంది, విప్పేసి బామ్మర్దికిచ్చి, చారల నిక్కరుతో కూర్చున్నాడు.

"మీద పడుతుందంటున్నాడు బావా! అక్కకు దెబ్బ తగిలితే?"

"నువ్వున్నావు కదరా, ఆపు!"

ఫ్లాషు మెరిసింది. అంతే, సన్నిబాబు మధ్యలోకి దూకి పంచెను గభాలున మూట కట్టేశాడు. "ఫ్లాషు దొరికింది!"

"ముడి గట్టిగా వెయ్యి, ఇంటికి పనికొస్తుంది" అంది గౌరమ్మ.

ఫొటోలో సన్నిబాబు వీపు పడింది. భద్రం అతన్నీ మూటనూ బయటికి గెంటి, క్యాలెండరు తిరగేసి తెల్లటి వెనక వైపు కనపడేలా పెట్టి మళ్ళీ తీశాడు. ఈసారి ఇద్దరూ పడ్డారు, నిక్కరుతో సహా. పటం కట్టి చేతికిచ్చాడు.

"ఇన్నేళ్ళకు కనపడ్డాను!" గౌరమ్మ కళ్ళు చెమర్చాయి.

ఇంటికొచ్చాక సన్నిబాబు చూశాడు. "అక్కా, నీ ఎడమ చెంపకు మసి!"

అది నీడ. అయినా ఊరుకుంటారా? పటం విప్పి, కుంకుడు రసం పోసి, కొబ్బరి పీచుతో తోమారు. నీడ పోయింది. చెంపా పోయింది.

"ఆపకండి, పైన ఇంకా నల్లగా ఉంది" అంది గౌరమ్మ. అది ఆమె జుట్టు! తోమగా తోమగా కాగితం పీచులోకి వచ్చేసింది. అద్దమూ, వెనక నల్ల అట్టా మిగిలాయి. గౌరమ్మ గొల్లుమంది.

"ఏడవకే, ఫ్లాషు మన దగ్గరే ఉందిగా!" అన్నాడు పైడయ్య. నల్ల అట్ట మీద అద్దం బిగించి గోడకు తగిలించి, ఇద్దరూ ఎదురుగా చెంపకు చెంప ఆనించి నిలబడ్డారు. సన్నిబాబు పంచె ముడి విప్పాడు. ముగ్గురూ భయంతో కళ్ళు మూసుకున్నారు.

"మెరిసిందా?"

"మెరిసే ఉంటుంది, మనం చూడలేదు గానీ."

గౌరమ్మ మెల్లిగా కళ్ళు తెరిచింది. అద్దంలో తన ముఖం, పక్కనే పైడయ్య! "పడ్డామయ్యా! ఎంత బాగా పడ్డామో!"

పైడయ్య మురిసిపోయి మంచినీళ్ళకని కదలబోయాడు. పటంలోంచి సగం మాయమయ్యాడు.

"కదలకయ్యా, చెరిగిపోతున్నావు!"

అంతే, ఆనాటి నుంచి ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. ముద్దలు కలిపి సన్నిబాబే నోట్లో పెడుతున్నాడు.

కామేశ్వరీ, పేర్లు తారుమారు చేశానేమో ఓసారి చూడవే. గౌరమ్మ తమ్ముడు సన్నిబాబే కదూ?