గుడ్డకు మరక అంటితే

ఏటా జూన్ నెలలో, కొత్త కోర్సుల వివరాలు కాలేజీ గేటు పక్కనున్న బోర్డుకు అంటించిన రోజున, జగన్నాయకులు మాస్టారు ఒక కుర్చీ తెచ్చి ఆ బోర్డు కింద వేసుకునేవారు. పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే సాయంత్రం గేటు మూసేదాకా లేచేవారు కాదు. మధ్యాహ్నం కేరేజీ కూడా అక్కడే విప్పేవారు. ప్రిన్సిపాలుగా రిటైరై ఆరేళ్ళు దాటినా ఈ ఒక్క రోజు మాత్రం తప్పేవారు కాదు. లైబ్రరీ చూసుకునే నాకు కిటికీలోంచి ఆ కుర్చీ బాగా కనిపించేది. అంత ఎండలో ఈయనకిదేం సరదా అని మేమందరం చాటుగా నవ్వుకున్నవాళ్ళమే. నేను తక్కినవాళ్ళకంటే కొంచెం ఎక్కువే నవ్వాను. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది.

మాది పెద్ద కాలేజీ కాదు. జీడిపప్పు ఫ్యాక్టరీలున్న ఊళ్ళో, పనికి పోయేవాళ్ళు రోజుకో రెండు గంటలు వచ్చి చేతికో విద్య నేర్చుకుపోవడానికి పెట్టిన కమ్యూనిటీ కాలేజీ. మోటార్ల మరమ్మతు, కంప్యూటరు, గుడ్డమీద పూలకుట్టు, ఇలాంటివి పదకొండు కోర్సులు. ఒక్కో కోర్సుకూ నాలుగైదు వాక్యాల వివరం. అవన్నీ ముప్ఫై ఏళ్ళ కిందట మాస్టారు తన చేత్తో రాసినవే. వాటిని కాలానికి తగ్గట్టు తిరగరాయాలని ఆ ఏడు కాలేజీ కమిటీ తీర్మానించి, ఆ పని సుభాషిణికి అప్పగించింది.

సుభాషిణి మాస్టారి దగ్గరే చదువుకుని, పైచదువులు ముగించుకుని, మా కాలేజీకే లెక్చరరుగా వచ్చిన పిల్ల. రెండు నెలలు కూర్చుని శ్రద్ధగా రాసింది. న్యాయంగా చెప్పాలంటే చాలా బాగా రాసింది. మోటార్ల కోర్సులో ఇప్పుడు పాతసామాన్ల కొట్టులో తప్ప కనిపించని ఇంజన్ల పేర్లుండేవి. కంప్యూటరు కోర్సులో ఫ్లాపీలు ఇంకా రాజ్యం చేస్తుండేవి. అన్నీ తీసేసి, ఏం నేర్పుతారో, ఎన్ని గంటలు నేర్పుతారో, చివరికి నేర్చుకున్నవాళ్ళు ఏం చేయగలరో వరసగా పెట్టింది. పూలకుట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె కలం ఆగింది. అక్కడ అన్నిటికంటే అడుగున ఇలా ఉంది.

‘జీడిపిక్కలు కొట్టేవారూ రావచ్చు. గుడ్డకు మరక అంటితే ఏమీ అనరు.’

బయటి ఊరివాళ్ళకు ఈ మరక సంగతి కాస్త చెప్పాలి. జీడిపిక్క కొట్టేటప్పుడు పెంకులోంచి ఒక రసం కారుతుంది. ముందు వేలిని కాలుస్తుంది, తర్వాత నల్లగా పట్టుకుంటుంది. సబ్బుకూ పోదు, చింతపండుకూ పోదు, పట్టుకున్న గుడ్డకూ అంటుతుంది. బస్సులో టిక్కెట్టు అందుకునేటప్పుడు కూడా మా ఊరి ఆడవాళ్ళు చెయ్యి సగమే చాపుతారు. ఈ వాక్యం కమిటీ ముందు చదివినప్పుడు అందరూ పడీపడీ నవ్వారట. ‘ఏమీ అనరు’ అని ఏ కాలేజీ అయినా అచ్చు వేసుకుంటుందా అన్నారట. సుభాషిణి దాన్ని కొట్టేసింది. కానీ గురువు రాసిన మాట కదా, మనసు ఒప్పక ఆయన ఇంటికి వెళ్ళి అడిగింది.

“మాస్టారూ, ఇందులో ఏ కుట్టు నేర్పుతారో లేదు, ఎన్నాళ్ళు నేర్పుతారో లేదు. మరక గురించి ఉంది. కోర్సు వివరంలో ఉండవలసిన మాటేనా ఇది?”

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “నువ్వు రాసింది రాసినట్టే అంటించమ్మా. ఆ రోజు వచ్చి నా పక్కన కూర్చో,” అన్నారు.

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు ఉద్యోగంలో ఉన్నప్పుడూ లేదు.

ఆ రోజు వచ్చింది. బోర్డు మీద కొత్త కాగితాలు తళతళలాడుతున్నాయి. మాస్టారు కుర్చీలో, సుభాషిణి పక్కన స్టూలు మీద. నేను లైబ్రరీకి తాళం వేసి వాళ్ళ వెనక గట్టు మీద చేరాను, నవ్వుకోవడానికి దగ్గరగా ఉంటుందని. వచ్చినవాళ్ళు వస్తున్నారు, చదువుకుని పోతున్నారు. అంతా బాగుందని సుభాషిణి ముఖం వెలుగుతోంది.

పదకొండు గంటలవేళ దాలమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. జీడి ఫ్యాక్టరీ మనిషని చెప్పకుండానే తెలుస్తుంది, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది. మాస్టారిని చూసి నిండుగా నవ్వింది.

“మా అత్త పోయినాది మాస్టారూ, మాఘమాసంలో. ఇన్నాళ్ళూ మంచం మీదున్న మనిసిని ఇడిసి రాలేకపోయినాను. రెండో పిల్లకు వంట సేతనయ్యింది. మేస్త్రీని అడిగితే రెండింటికల్లా ఎల్లిపోమన్నాడు. ఈ ఏడు నాకే అడ్డూ నేదు. ఒకపాలి సదివించుకుని పేరు రాయించుకుంతాను.”

“ఈసారి అమ్మాయి చదువుతుంది దాలమ్మా, విను,” అన్నారు మాస్టారు.

సుభాషిణి ఉత్సాహంగా లేచి చదివింది. మూల కుట్లు పన్నెండు, నమూనాల ఎంపిక, రంగుల కూర్పు, కోర్సు ముగిసేనాటికి అభ్యర్థులు సొంతంగా పనులు చేపట్టగల సామర్థ్యం పొందుతారు. మంగళ, గురు, శనివారాలు, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు.

“ఇంకా?” అంది దాలమ్మ.

“అంతేనమ్మా.”

“అడుగున సూడమ్మా.”

“అడుగున ఏమీ లేదు.”

దాలమ్మకు చదువు రాదు. అయినా కొంగు చుట్టిన చెయ్యి ఎత్తి, ఆ కాగితం అడుగున సరిగ్గా ఆ వాక్యం ఉండవలసిన చోట ఆనించింది. “ఇక్కడ రెండు మాటలుండీవి.”

“అవి పాతవమ్మా. తీసేసి కొత్తగా రాశాం,” అంది సుభాషిణి.

“తీసేసినారా,” అంది దాలమ్మ. “మారిపోయిందన్నమాట. అదీ మంచిదే, ఎప్పుడో ఒకప్పుడు మారాల గదా. ఎల్లొత్తాను మాస్టారూ.” కొంగు ఇంకొక చుట్టు చుట్టుకుని రోడ్డు దాటింది. ఆమె నడకలో తొందర లేదు, కోపం లేదు. అది చూసేసరికి నా నవ్వు ఎటు పోయిందో పోయింది.

సుభాషిణికి అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక మాస్టారి వైపు తిరిగింది. “ఎన్నేళ్ళుగా వస్తోంది మాస్టారూ ఈవిడ?”

“ఇది ఏడో ఏడు. ఏటా నాచేత చదివించుకుని, ఆ రెండు మాటలూ ఇంకోసారి చెప్పించుకుని ఇంటికి పోతుంది.”

“మీరు పక్కనే ఉన్నారు కదా! ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా!” గురువు మీద ఆ పిల్ల గొంతెత్తడం నేను వినడం అదే మొదలు.

“నేను ఎన్నేళ్ళు చెప్పగలనమ్మా?” అన్నారాయన.

సుభాషిణి అప్పటికప్పుడు ఫ్యాక్టరీకి బయలుదేరింది. దారి చూపించడానికి నేనూ వెళ్ళాను. రేకుల షెడ్డులో ఆడవాళ్ళు బారులుగా కూర్చుని, కాలితో మర తొక్కుతూ, చేత్తో పిక్క పెడుతూ, పగిలిన పెంకు తోసేస్తున్నారు. పక్కన రసం అంటకుండా చేతులకు రాసుకోవడానికి గిన్నెలో బూడిద. దాలమ్మ అప్పుడే తన మర ముందు కూర్చుంది. ఎప్పట్లాగే పొద్దుగూకేదాకా ఉంటానని మేస్త్రీకి చెప్పేసిందట.

సుభాషిణి ఆమె పక్కన నేలమీదే గొంతుక్కూర్చుంది. “ఆ మాట తీసేసింది నేనేనమ్మా. తెలియక తీసేశాను. తరగతిలో మాత్రం ఏమీ మారలేదు. అదే గది, అదే టీచరు. గుడ్డకు మరకంటితే ఇప్పటికీ ఎవరూ ఏమీ అనరు. మీరు రండి, నేను చెబుతున్నాను కదా.”

దాలమ్మ మర తొక్కడం ఆపింది. ఒడిలో చేతులు విప్పి చూసుకుంది. వేళ్ళ చివర్లు బొగ్గులా ఉన్నాయి.

“సిన్నప్పుడు మా పిన్ని ఆ క్లాసుకు ఎల్లీదమ్మా. నాను కిటికీకాడ నిలబడి సూసీదాన్ని. తెల్లటి గుడ్డ రింగుకు బిగించి సేతికిచ్చీవోరు. దాని నడిమద్దెన ఒక పువ్వు కుట్టాలని ఈ పాటికి ఎన్నిమార్లు అనుకున్నానో. నా సేతిలో అంత తెల్లటిది ఇప్పటిదాకా ఎవులూ పెట్టనేదు. మీరు మంచోరు కాబట్టి ఎతుక్కుంటా వచ్చినారు. రేపు మీకు ఇంకో ఊరు ఉద్యోగం వత్తే? గుడ్డ నల్లబడిన్నాడు నాను ఎవుల పేరు సెప్పాల? బోర్డుమీదుంటే బోర్డు సూపించీదాన్ని.”

దాలమ్మ చేతులకు బూడిద రాసుకుని మళ్ళీ పిక్క అందుకుంది.

తిరిగి వచ్చాక సుభాషిణి నేరుగా బోర్డు దగ్గరికి పోయి స్టూలెక్కింది. నా జేబుకున్న పెన్ను అడిగి పుచ్చుకుని, తను రాసిన పన్నెండు కుట్ల కింద, సామర్థ్యం కింద, వేళల కింద, ఆ రెండు వాక్యాలూ ఒక్క అక్షరం మార్చకుండా రాసింది. కమిటీవాళ్ళు ఏమంటారో అన్నాను నేను. ఉండబట్టలేక అన్నాను, తప్పే. “వాళ్ళు నవ్వినప్పుడు నేనూ నవ్వాను. ఈసారి నవ్వను, అంతే,” అంది. తర్వాత స్టూలు దిగి బోర్డు కింద కూర్చుని, ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే దారినే చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం ఫ్యాక్టరీవాళ్ళను అన్నానికి వదిలారు. ఆడవాళ్ళు గుంపులుగా గేటు ముందునుంచి వెళ్ళారు. కొంగులో చేతులు చుట్టుకున్న ప్రతి మనిషినీ చూసి సుభాషిణి లేచి నిలబడేది. మళ్ళీ కూర్చునేది. మాస్టారు కేరేజీ విప్పి సగం అన్నం ఆమె ముందు పెడితే, పెట్టింది పెట్టినట్టే ఉంది. పేర్లు రాసుకోవడానికి ఇంకా పది రోజుల గడువుందని నేను గుర్తుచేశాను. ఆమె తల ఊపింది కానీ చూపు మాత్రం రోడ్డు మీదనుంచి తిప్పలేదు. అలా ఒక మనిషి కోసం ఎదురుచూసే మనిషిని చూడడం కష్టం. నేను లోపలికి పోయి, చేయడానికి పనేమీ లేక పుస్తకాల దుమ్ము దులిపాను.

సాయంత్రం వాచ్‌మన్ గేటు మూయడానికి వచ్చాడు. నేను బయటికి వచ్చేసరికి మాస్టారు కేరేజీ సంచీలో పెట్టుకుంటున్నారు. ఏటా తనతో పాటు లోపలికి తీసుకుపోయే కుర్చీని ఈసారి అక్కడే వదిలి, దాన్ని కొంచెం సుభాషిణి వైపు జరిపారు.

“దాలమ్మ మళ్ళీ వస్తుందా మాస్టారూ?” అని అడిగిందామె.

“ఆమె ఏడేళ్ళు వచ్చిందమ్మా,” అన్నారు మాస్టారు. “నువ్వు కూర్చున్నది ఇంకా ఒక్క పూటే.”