మొప్పల పురుగు

చేపల జబ్బుల మీద పరిశోధన చేసే వనజాక్షికి శీలావతి చేప మొప్పల్లో ఒక పురుగు దొరికింది. నూకలో సగం కూడా ఉండదు. ఏ పుస్తకంలోనూ దాని బొమ్మ లేదు.

ఆ చేపల్ని తెచ్చిచ్చినవాడు కొల్లేటి పక్క చెరువు రైతు గోవర్ధనం. "రోజూ చచ్చి తేలుతున్నాయమ్మా, ఇదేం జబ్బో చూసి చెప్పండి" అన్నాడు. తరవాత రెండుసార్లు ఫోన్ చేశాడు. "ఇంకా తేలలేదండి" అని రెండుసార్లూ చెప్పిందామె.

అబద్ధం కాదు. కొత్త జాతి అని తేల్చాలంటే అది మొప్పల్ని పట్టుకుని వేలాడే కొక్కేలు కొలవాలి, బొమ్మలు గీయాలి, ఎక్కడెక్కడి పురుగులతోనో పోల్చాలి. పైగా ముందే బయటపడితే ఇంకెవరైనా తమ పేరున రాసేసుకుంటారని భయం.

తొమ్మిది నెలలకు వ్యాసం అచ్చయింది. తనకు మైక్రోస్కోపు చూడటం నేర్పిన జలాలుద్దీన్ మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళింది.

ఆయన చివరిదాకా చదివారు. వెనక్కి తిప్పి మూడో పేజీ మళ్ళీ చదివారు.

"బాగా గీశావు. పద, ఈ చేపలిచ్చిన రైతుకి చూపిద్దాం."

వాళ్ళు వెళ్ళేసరికి అతని చెరువు ఎండి నెర్రెలిచ్చి ఉంది. చచ్చిన చేపల్ని పూడ్చినచోట సున్నం ఇంకా తెల్లగా కనిపిస్తోంది. గోవర్ధనం పక్కవాళ్ళ చెరువులో మేత వేసే కూలిపనిలో ఉన్నాడు. గట్టెక్కి, చేతులు లుంగీకి తుడుచుకుని, బొమ్మ వంక చూశాడు.

"ఇదేనా అమ్మా?"

"ఇదే."

"మూడో పేజీ చదివి వినిపించమ్మా, తెలుగులో" అన్నారు మాస్టారు.

వనజాక్షి మొదలుపెట్టింది. "పురుగుల్ని విడదీయడానికి మొప్పల్ని పది నిమిషాలు ఉప్పునీళ్ళలో ఉంచాం. పురుగులన్నీ..."

ఆగిపోయింది. మాస్టారు ఆమె వైపే చూస్తూ నిలబడ్డారు.

"పురుగులన్నీ వాటంతటవే ఊడిపోయాయి."

"ఉప్పా అమ్మా?" అన్నాడు గోవర్ధనం.

"ఉప్పే."

"అయితే తొట్టెలో ఉప్పు కలిపి ముంచి తీసుంటే బతికేవా?"

"అన్నీ కాదు. కొన్నైనా బతికేవి."

అతను ఆ కాగితం చేతిలోకి తీసుకుని, బొమ్మ మళ్ళీ ఒకసారి చూసి తిరిగిచ్చేశాడు.

"ఎండలో పడొచ్చారు. మంచినీళ్ళు తాగుతారా?"

తిరుగు బస్సులో ఆమె ఆ వ్యాసాన్ని మడిచి సంచిలో పెట్టేసింది.

"నన్ను నాలుగు తిట్టండి మాస్టారూ" అంది.

"ముప్పై ఏళ్ళ కిందట నేనూ ఒక పురుగుకి పేరు పెట్టానమ్మా" అన్నారాయన. "రైతుకి చెబుదామని వెళ్ళేసరికి ఊరొదిలి వెళ్ళిపోయాడు."