కన్ను తెరవని పటం

“పటం వచ్చింది! చుక్క పెట్టండహో!”

చంద్రగుట్ట నగరంలో, సాలెవాడ చివరి నుంచి వినపడింది కేక. మగ్గాలు టక్కున ఆగిపోయాయి. ఆడవాళ్లు కుంకుమ భరిణెలు పట్టుకుని బయటికి పరుగెత్తారు.

అద్దమనేది రాజుగారింట్లో తప్ప మరెక్కడా లేని కాలం నాటి మాట ఇది, నాయనలారా. ఆ రాజు పేరు దర్పణసేనుడు. రోజుకో తీరున తన బొమ్మ గుడ్డ మీద రాయించి వీధివీధికీ పంపేవాడు. బొమ్మ నచ్చినవాళ్లు దాని అంచున కుంకుమ చుక్క పెట్టాలి. భటుడు పక్కనే నిలబడి చూస్తుంటాడు మరి, నచ్చనిదెవరికి?

ఇరుగుపొరుగులు ఒకరినొకరు కనిపెట్టుకునేవారు. “నీ చుక్క చిన్నదేమిటే?” అని ఒకామె. “నువ్వు ఆలస్యంగా వచ్చావెందుకో?” అని ఇంకొకామె. మొగుడి చుక్క మీద పెళ్లానికి కూడా అనుమానమే.

ఆ ఏడు వానలు లేవు. నేసిన బట్ట కొనేవాడు లేడు, సాలెవాడలో పొయ్యి వెలగడం లేదు.

ఒకనాడు వచ్చిన పటంలో రాజు పొలం దున్నుతున్నాడు. “ఈ కరువులో నాగలి దిగిన చేను ఎక్కడుందో” అని గొణిగింది ముసలి పోశవ్వ. గొణిగి, చుక్క పెట్టింది.

మర్నాటి పటంలో రాజు కావడితో సాలెవాడకు నీళ్లు మోస్తున్నాడు. “మన వాడకెప్పుడొచ్చాడే?” అంది పోశవ్వ. అని, చుక్క పెట్టింది.

మూడోనాటిది ఆకలిగొన్న నూరుమందికి రాజు స్వయంగా వడ్డిస్తున్నట్టు రాయించాలనుకున్నాడు. సాలెవాడ జనాన్నంతా కోటకు పిలిచారు. “ఉత్తపుణ్యానికి మనకు విందేమిటి?” అని పోశవ్వకు అనుమానమే. కానీ రెండు రోజులుగా మెతుకు లేదు. వెళ్లింది.

విస్తళ్లలో అన్నం తెల్లగా పోగులు పోశారు. నోరూరింది. అప్పుడు మంత్రి లేచి, “బొమ్మ పూర్తయ్యేదాకా ఎవరూ విస్తరి ముట్టరాదు. చెయ్యి కదిలితే గీత చెడుతుంది” అన్నాడు.

పటాలు రాసే సంగమ్మ కుంచె అందుకుంది. రాజు గరిటె పట్టి, చిరునవ్వుతో ఆమెకేసి చూస్తూ నిలబడ్డాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. బొమ్మంతా అయింది, రాజుగారి కళ్లు తప్ప. బొమ్మలు రాసేవాళ్ల ఆచారం ప్రకారం కన్ను ఆఖరున రాయాలి, దాన్నే కన్ను తెరవడం అంటారు. కన్ను తెరవందే పటం గడప దాటదు.

సంగమ్మ కుంచె కింద పెట్టేసింది.

“కన్ను తెరవవేం?” అన్నాడు రాజు.

“ఎటు తెరవాలో తెలియక, దొరా. మొన్న దున్నుతూ నాకేసే చూశారు. నిన్న నీళ్లు మోస్తూ నాకేసే చూశారు. వడ్డించేవాడి కన్ను విస్తరి మీదుండాలి కదా. చూడనిది చూసినట్టు రాస్తే మా పనికే మచ్చ.”

“తల పోతుంది జాగ్రత్త” అన్నాడు మంత్రి.

“నా తల పోతే ఈ కన్నెవరు తెరుస్తారు బాబూ?”

‘చూస్తే పోయేదేముంది’ అనుకుని రాజు మొదటిసారి కిందికి చూశాడు. ఆకలికి ఆగలేక పోశవ్వ అప్పటికే విస్తరిలో చెయ్యి పెట్టేసింది. పైన పలచగా అన్నం. లోపలంతా ఊక. ఆమె గుప్పిట్లో ఊక.

“ఏమిటిది?” అన్నాడు రాజు.

“పటానికి పైపూత చాలు కదా, ప్రభూ” అని నసిగాడు మంత్రి.

రాజు పోశవ్వకేసి తిరిగాడు. “మరి వేలకొద్దీ చుక్కలు పెట్టారే, అవ్వా?”

“భటుడు చూస్తుంటే చుక్కేమిటి నాయనా, చుట్టూ ముగ్గు కూడా వేస్తాను.”

రాజు మొహం పాలిపోయింది. ఇన్నాళ్లుగా మురిసిన చుక్కల్లో నిజమైనది ఒక్కటైనా ఉందా అని అనుమానం పట్టుకుంది. తర్వాత తనే వెళ్లి ధాన్యపు కొట్టు తలుపులు తీయించాడు. అన్నం వండించాడు. విస్తరి చూసి వడ్డించాడు. అలవాటు లేని చెయ్యి, సగం కింద పోశాడనుకోండి.

“ఆహా, ఇది రాయించాలి ప్రభూ” అన్నాడు మంత్రి.

“సంగమ్మకూ ఒక విస్తరి వెయ్యి. నువ్వూ కూర్చో” అన్నాడు రాజు.

అందుకే ఆ పూట బొమ్మ ఎక్కడా లేదు. నన్ను సాక్ష్యం అడగకండి. రాజూ, మంత్రీ, సంగమ్మా, సాలెవాడ మొత్తం ఒకే బంతిలో కూర్చుని కడుపునిండా తిన్నారు.

నలుగురికీ మొహం చూపించుకోవడంలో మునిగినవాడికి ఎదుటివాడి ఆకలి కనపడదు.