మూడో కుప్ప మీద రాయి

అనగనగా, కొండలు ఎంత ఎత్తో మంచు అంత లోతుగా ఉండే ఒక రాజ్యం. దాని పేరు శ్వేతగిరి. అక్కడ ఏడాదిలో సగానికి పైగా నేల కనిపించదు. ఎడ్లబండి కదలదు. గుర్రం నాలుగడుగులు వేస్తే పొట్టదాకా కూరుకుపోతుంది. అందుకని ఆ దేశంవాళ్ళు చక్రాలు లేని బండ్లు చేసుకుని, వాటికి కుక్కల్ని కట్టి, మంచు మీద జారుతూ తిరిగేవారు.

ఆ కాలంలో కుక్కలు మాట్లాడేవి. కాకపోతే మనుషుల్లా కాదు, అవసరమైతేనే మాట్లాడేవి.

ఆ రాజ్యంలో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఊరు గద్దగూడు. ఆ ఊళ్ళో నీలకేతు, తుహిన అని ఇద్దరు ఆలుమగలు ఉండేవారు. వాళ్ళకు ఆరు కుక్కలు. అన్నిటికీ ముందు నడిచేది బూడిద. దాని ఒళ్ళు పొయ్యిలో బూడిద రంగు, చూపు నిదానం. అన్నిటికంటే చిన్నది మిరియం. పేరుకు తగ్గట్టే దానికి ఘాటెక్కువ.

ముందటి చలికాలం వాళ్ళింట్లో ఒక కష్టం జరిగింది. నీలకేతు వదిన చంద్రకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. వైద్యుడుండేది రాజధానిలో. నీలకేతు బండి కట్టుకుని బయల్దేరాడు గానీ, అతను సగం దారిలో ఉండగానే ఇక్కడ అంతా అయిపోయింది. తల్లీ పోయింది, బిడ్డా పోయింది. చంద్ర కన్నుమూసింది తుహిన ఒడిలోనే.

ఆ తరవాత తుహిన చాలా రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడిన రోజున మొగుడితో ఒకే మాట అంది.

"మనూళ్ళో చలికాలమంతా ఒక వైద్యుడుండాలయ్యా."

"ఉండమంటే ఎవరుంటారు?" అన్నాడు నీలకేతు.

"రాజుగారు చెబితే ఉంటారు. పందెం గెలిస్తే రాజుగారు చెబుతారు."

ఆ పందెం సంగతి ఇదీ. చలికాలం చివర్లో కీర్తివర్మ మహారాజు కుక్కలబండ్ల పందెం పెట్టించేవాడు. పందెం రెండు రోజులు. మొదటి రోజు రాజధాని నుంచి కనుమ మీది సత్రం దాకా ఎక్కాలి. రెండో రోజు వేరే దారిన కిందికి దిగి రావాలి. బండికి ఒక జంట. ఆ జంట ఆలుమగలే అయి ఉండాలి. చలిలో ఒకరినొకరు ఓర్చుకోలేనివాళ్ళు ఆ రాజ్యంలో ఎక్కువకాలం బతకలేరని పెద్దల మాట. బయల్దేరిన కుక్కలన్నీ తిరిగి రావాలి. లాగుతూ రాలేకపోతే బండిలో పడుకునైనా రావాలి.

ఇంకొక నియమం. దారిలో మూడు రాళ్ళకుప్పలున్నాయి. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు రెండు. ఒక్కొక్క కుప్ప దగ్గర ఆగి ఒక్కొక్క రాయి వెయ్యాలి. అక్కడ దేవదారు ధూపం పొగలు కక్కుతూ ఉంటుంది తప్ప కావలివాడు ఉండడు. ఆ కుప్పల్లో వేల రాళ్ళున్నాయి. ఏ రాయి ఎవరిదో దేవుడికే తెలియాలి. పందెం అయ్యాక రాజు "మీ రాళ్ళు వేశారా?" అని అడుగుతాడు. వేసినవాళ్ళు వేశామంటారు. అంతే.

గెలిచిన జంట ఒక కోరిక కోరుకోవచ్చు. రాజు కాదనడు.

పందెం రోజు వచ్చింది. ఏడు బండ్లు వరసన నిలిచాయి. నగారా మోగింది. ఆరు బండ్లు బాణాల్లా దూసుకుపోయాయి. గద్దగూడు బండి మాత్రం పెళ్ళి ఊరేగింపులా కదిలింది.

నీలకేతుకు తల కొట్టేసినట్టయింది. "బూడిదా! పరిగెత్తవే! జనం నవ్వుతున్నారు!" అని అరిచాడు.

బూడిద వెనక్కి తిరగకుండానే అంది. "నవ్వనీ. ఉన్న సత్తువంతా ఈ పూటే ఖర్చుపెడితే రేపు దేంతో పరిగెత్తుతాం?"

నీలకేతు చెర్నాకోల ఎత్తబోయాడు. తుహిన అతని చెయ్యి పట్టుకుంది. "లాగేది అది. దాన్ని లాగనీ," అంది.

మధ్యాహ్నానికి ఎత్తు మొదలైంది. ముందు దూసుకుపోయిన కుక్కలు నాలుకలు వేలాడేసుకుని రొప్పుతున్నాయి. బూడిద అదే నడక నడిచింది. ఒక బండిని దాటారు, ఇంకొక బండిని దాటారు. మొదటి కుప్ప మీద రాయి వేసి, సూర్యుడు కొండ చాటుకు వెళ్ళే వేళకు సత్రం చేరారు. వాళ్ళకంటే ముందు వచ్చినవి రెండు బండ్లే.

ముందు కుక్కలకు ఎండుమాంసం పెట్టారు. వాటి వేళ్ళ మధ్య పేరుకున్న మంచుగడ్డలు ఒక్కొక్కటే తీశారు. ఆ తరవాతే నెగడు దగ్గరికి వెళ్ళి చేతులు చాపారు.

అక్కడ ఆస్థాన వైద్యుడు అగదశర్మ కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య ఇందుమతి. మొదట వచ్చిన బండి వాళ్ళదే.

"మీరేం కోరుకుంటారండీ?" అని ఎవరో అడిగారు.

"వేడినీటి బుగ్గ పక్కన ఒక ఇల్లు," అన్నాడు అగదశర్మ నవ్వుతూ. "రోజంతా ఒళ్ళు నానబెట్టుకుంటే సగం రోగాలు రావు. వైద్యుణ్ణి, నాకు తెలుసు."

చాలామంది నవ్వారు. ఇందుమతి కూడా నవ్వింది.

రెండో బండి దిగువలోయవాళ్ళది. ఆయన మేఘుడు, ఆమె రేవతి. వాళ్ళు నవ్వలేదు. "మా వాగు మీది తాళ్ళవంతెన కొట్టుకుపోయింది," అంది రేవతి. "పిల్లలు అవతలొడ్డుకు మోకు పట్టుకుని దాటుతున్నారు. మాకు వంతెన కావాలి."

తుహిన ఆమెను చూసింది. తన కోరిక మాత్రం బయటికి చెప్పలేదు.

రెండో రోజు పొద్దున్నే దిగుడు మొదలైంది. కొంత దూరం పోయాక బూడిద నిలబడిపోయింది.

"ఏమైంది?" అని దిగింది తుహిన.

"మిరియాన్ని చూడు," అంది బూడిద.

"నాకేం కాలేదు! పదండి!" అని మొరిగింది మిరియం.

"అబద్ధం," అంది బూడిద. "మనం వచ్చిన దారి చూడు. మంచు మీద ఎర్రచుక్కలు."

మిరియం కాలు ఎత్తి చూస్తే, గాజులాంటి మంచుపెళ్ళ తగిలి పాదం చీలి ఉంది. తుహిన తన తలగుడ్డ చించి కట్టింది. నీలకేతు దాన్ని పగ్గం నుంచి విప్పి బండిలో పడుకోబెట్టాడు. లాగే కుక్క ఒకటి తగ్గింది, లాగాల్సిన బరువు పెరిగింది. మిరియం సిగ్గుతో మూతి తోకలో దాచుకుంది. అయినా రెండో కుప్ప దాటేసరికి వైద్యుడి బండిని వెనకేశారు. అతని కుక్కలు నిన్నటి పరుగుకే అలిసిపోయి ఉన్నాయి.

అప్పుడు మంచుగాలి కమ్ముకుంది. ఆకాశం ఏదో నేల ఏదో తెలియలేదు. తన చెయ్యి తనకే కనిపించని తెలుపు. ఆలుమగలు బండిని కరుచుకుని కళ్ళు మూసుకున్నారు. కుక్కలు పల్లం ఎటుంటే అటు లాగాయి.

ఎంతసేపు గడిచిందో గానీ, గాలి ఆగింది. ఎదురుగా రాజధాని బురుజులు, వాటి మీద జెండాలు. వాటికీ తమకూ మధ్య మంచు మీద ఒక్క గీత కూడా లేదు. అంటే ముందు ఎవరూ వెళ్ళలేదు!

"మనమే ముందు!" అని గంతేశాడు నీలకేతు. "తుహినా, గెలిచాం!"

బూడిద ఆగింది. "నాకు మూడోసారి ధూపం వాసన తగల్లేదు," అంది.

తుహిన బండిలో తడిమింది. గుడ్డసంచిలో ఒక రాయి మిగిలి ఉంది. గాలిలో వాళ్ళు మూడో కుప్పను చూడకుండా అడ్డదారిన దిగిపోయారు.

తుహిన రాయిని చేతిలోకి తీసుకుంది. "ఈ రాయి ఇక్కడ పారేస్తాను."

"తుహినా..."

"వేల రాళ్ళున్నాయి. ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తుంది? నేను బంగారం అడగటం లేదయ్యా. వైద్యుణ్ణి అడుగుతున్నాను. మీ వదిన నా చెయ్యి పట్టుకుని ఎలా చూసిందో నువ్వు చూడలేదు. నేను చూశాను."

ఆమె చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. "నువ్వేమంటావు?" అని నీలకేతు బూడిదను అడిగాడు.

"మీరు ఎటు చెబితే అటు లాగుతాను. దారి తప్పామని చెప్పడం నా వంతు, చెప్పాను."

నీలకేతు తుహిన వైపు తిరిగాడు. "నిన్న ఆ దిగువలోయ ఆవిడ చెప్పింది విన్నావుగా," అన్నాడు నెమ్మదిగా. "వాళ్ళు ఇప్పుడు మూడో కుప్ప దగ్గర ఆగి రాయి వేస్తూ ఉంటారు. మనకు వైద్యుడొస్తే, వాళ్ళ పిల్లలు ఇంకో ఏడాది మోకు పట్టుకునే దాటాలి."

తుహిన చేతిలో రాయి ఉంది. విసరడానికి చెయ్యి ఎత్తింది. అలాగే నిలబడింది. తరవాత రాయిని సంచిలో పెట్టి, ముఖం తుడుచుకుని, "బూడిదా, వెనక్కి తిప్పు," అంది.

వాళ్ళు ఎత్తు ఎక్కుతుంటే మేఘుడి బండి ఎదురొచ్చింది.

"ఎటు పోతున్నారు? ఊరు ఇటు!" అని కేకేశాడు మేఘుడు.

"రాయి వెయ్యలేదు. వేసి వస్తాం," అన్నాడు నీలకేతు.

మేఘుడు ఏదో అనబోయాడు గానీ బండి జారిపోయింది. ఆ వెనక ఇంకో బండి, దాని వెనక ఇంకోటి. అలా అయిదు బండ్లు వాళ్ళను దాటి వెళ్ళాయి. ఒక్కో బండి దాటినప్పుడల్లా తుహిన తల వంచుకుంది. మిరియం మాత్రం ప్రతి బండినీ చూసి మొరిగింది.

మూడో కుప్ప దగ్గర రాయి వేశారు. తిరిగి బయల్దేరబోతుంటే బూడిద చెవులు నిక్కించింది.

"ఎవరో పిలుస్తున్నారు."

కుప్పకు పైన, మలుపు దగ్గర పల్లంలో, ఇందుమతి మంచులో కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని అగదశర్మ పడి ఉన్నాడు. మలుపులో బండి తిరగబడింది. అతని కాలు విరిగింది. బెదిరిన కుక్కలు బండిని ఈడ్చుకుంటూ అడ్డదారిన పారిపోయాయి. చివరి బండి వాళ్ళదే. వెనక వచ్చేవాళ్ళు లేరు. ముందు పోయినవాళ్ళకు తెలియదు.

"మీరు... ముందుకు వెళ్ళిపోయారు కదా?" అంది ఇందుమతి. ఆమె పెదవులు నల్లబడ్డాయి.

"తిరిగొచ్చామమ్మా," అంది తుహిన, తన కంబళి ఆమె మీద కప్పుతూ.

నీలకేతు చెర్నాకోల కర్రను రెండు ముక్కలు చేశాడు. తుహిన వాటితో కాలు కట్టింది. అగదశర్మ పళ్ళు బిగించి చెబుతున్నాడు. "అలా కాదమ్మా... మడమ కిందికి... ఆఁ, ఇంకా గట్టిగా."

అతన్ని బండిలో పడుకోబెట్టారు. మిరియం జరిగి చోటిచ్చి, అతని పొట్టకు ఆనుకుని వెచ్చగా పడుకుంది. మిగతా ముగ్గురూ నడిచారు. అయిదు కుక్కలు ఆ బరువును లాగాయి.

దారిలో అగదశర్మ అడిగాడు. "గెలిస్తే ఏం కోరుకుందామనుకున్నారు?"

తుహిన చెప్పింది. ఏడవకుండా, దాచకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆ అమ్మాయి పేరేమిటి?" అని అడిగింది ఇందుమతి.

"చంద్ర."



రాజధానిలో వైద్యుడి కుక్కలు ఖాళీ బండితో వచ్చేసరికి అందరూ హడలిపోయి ఉన్నారు. వెతకడానికి మనుషులు సిద్ధమవుతుండగా, అన్నిటికంటే చివర గద్దగూడు బండి కోటవాకిలి చేరింది.

రాజు సభ తీర్చాడు. "మీ రాళ్ళు వేశారా?" అని అందరినీ అడిగాడు. మేఘుడూ రేవతీ వేశామన్నారు. రాజు వాళ్ళకు వంతెన కట్టిస్తానని మాట ఇచ్చాడు. వైద్యుడు మూడోది వెయ్యలేదన్నాడు.

నీలకేతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వేశాం ప్రభూ. మొదట తప్పిపోయాం, వెనక్కి వెళ్ళి వేశాం."

"అది కాక ఇద్దరు మనుషుల్ని బతికించారు," అన్నాడు రాజు. "నాకు సంతోషం. కానీ పందెం వరం గెలిచినవాళ్ళదే. దాన్ని నేను రెండు జంటలకు పంచలేను."

"మేము అడగటం లేదు ప్రభూ," అంది తుహిన.

అప్పుడు పీట మీద కాలు చాపుకుని కూర్చున్న అగదశర్మ గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, నేనూ వరం అడగను. సెలవు అడుగుతున్నాను. రాజధానిలో నాకు నలుగురు శిష్యులున్నారు. ఏటా చలికాలం నన్ను గద్దగూడులో ఉండనివ్వండి. ఇవాళ మంచులో పడి, ఎవరైనా వస్తారా అని చూశాను. అలా చూడటం ఎంత కష్టమో ఈ వయసు దాకా నాకు తెలియదు."

"నేనూ వెళతాను," అంది ఇందుమతి.

రాజు సెలవిచ్చాడు. తుహిన వెళ్ళి ఇందుమతి చేతులు పట్టుకుంది.

మరుసటి చలికాలం గద్దగూడులో ఒక గొల్లావిడకు నొప్పులొచ్చాయి. ఆ బిడ్డా అడ్డమే తిరిగింది. కాస్త కుంటుకుంటూ వైద్యుడు వీధి దాటి వచ్చాడు. తుహిన నీళ్ళు కాచింది, దీపం పట్టుకుంది. తెల్లవారేసరికి తల్లి గంజి తాగుతోంది, పక్కన ఆడపిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు విని ఊళ్ళోని కుక్కలన్నీ మొరిగాయి.

చూసేవాళ్ళు లేనిచోట కూడా దారి తప్పనివాళ్ళు, చివరగా వచ్చినా చేరవలసిన చోటికే చేరుతారు.