దుప్పికొమ్ము పిడి కత్తి

“అయ్యా, నలుగురిలో కూర్చున్నా నాకు ఒంటరిగానే ఎందుకుంటుంది?” అని యుగంధర్ అడిగినప్పుడు నేను విరూపాక్షయ్యగారి అరుగు మీదే ఉన్నాను. కష్టసుఖాలు చెప్పుకుని సలహా అడగడానికి ఎవరెవరో ఆయన దగ్గరికి వచ్చేవారు. ప్రశ్న వినగానే జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. అడిగినవాడి వంక కాసేపు చూసేవారు. ఆ రోజు ఆయన చూపు యుగంధర్ నడుము దగ్గర ఆగింది.

యుగంధర్ మారేడుమిల్లి అడవిలో సెక్షన్ ఆఫీసరు. వచ్చి రెండేళ్లయినా క్యాంపులో అడవిని కాసే వాచర్లు తన పక్కన కూర్చుని తినరనీ, తను వెళ్లగానే మాటలు ఆపేస్తారనీ చెప్పాడు. బదిలీ కోరుతూ రాసిన కాగితం జేబులోనే ఉంది. అయ్యగారు సరేనంటే మర్నాడే పంపేస్తానన్నాడు. అతనికి తోడొచ్చిన వాచరు లచ్చిరెడ్డి, కొండరెడ్ల గిరిజనుడు, దూరంగా మెట్టు మీద కూర్చున్నాడు.

యుగంధర్ నడుముకున్నది జర్మనీలో చేసిన వేటకత్తి. “వేటగాళ్లను పట్టుకునే ఉద్యోగం. నీకెందుకయ్యా వేటకత్తి?” అని నవ్వుతూ అయ్యగారు దాన్ని అడిగి తీసుకున్నారు. రెండు నెలల జీతం పెట్టి తెప్పించుకున్నాడట. నేనూ చూశాను. పిడి దుప్పికొమ్ముది, గరుకుగా ఉన్నా చేతిలో ఒదిగిపోతుంది. ఏ రెండు కొమ్ముల గీతలూ ఒకలా ఉండవు గనక అలాంటిది ఇంకొకటి లేదు. పిడికీ బ్లేడుకీ మధ్య ఇత్తడి కట్టు మీద, మనం ఎన్నడూ చూడని ఏదో చెట్టు ఆకులు చెక్కారు. బ్లేడు మీద అక్షరాలున్నాయి. బి.ఎస్సీ. చదివే రోజుల్లో సాయంత్రాలు జర్మన్ నేర్చుకున్నవాణ్ణి కదా, చదవబోయాను. పదిదాకా అంకెలు తప్ప నాకేమీ మిగల్లేదని అప్పుడు తెలిసింది. ఎవరితోనూ మాట్లాడని భాష అలాగే పోతుంది. సరే, నా సంగతి ఎందుకు.

అయ్యగారు లచ్చిరెడ్డిని పిలిచి, కత్తి చేతికిచ్చి, పంపరపనస కోసి పెట్టమన్నారు. అతను యుగంధర్ వంక చూశాడు. యుగంధర్ తలూపాడు. లచ్చిరెడ్డి తొక్క తెగకుండా ఒలిచి, తొనలు అందరికీ పంచి, తన వాటా ఆకులో పెట్టుకున్నాడు. కత్తి కడిగి, పిడి అటు తిప్పి యుగంధర్‌కి అందించాడు.

యుగంధర్ వెంటనే జేబులోంచి మెత్తని గుడ్డ తీసి, పిడి నుంచి మొన దాకా రెండుసార్లు తుడిచాడు.

“ఏటి దాకా పోయొస్తానయ్యా” అని అయ్యగారితో చెప్పి లచ్చిరెడ్డి దిగిపోయాడు. తొనలు ఆకులోనే ఉన్నాయి.

ఎందుకు తుడిచావని అయ్యగారు అడిగారు. ఇది స్టెయిన్‌లెస్ స్టీలు కాదనీ, పాతకాలపు ఉక్కనీ, పులుపు తగిలినా చేతిచెమట తగిలినా మచ్చ పడుతుందనీ, ఎవరు ముట్టుకున్నా వెంటనే తుడవాలనీ యుగంధర్ ఉత్సాహంగా చెప్పాడు. క్యాంపులో వెదురు చీల్చడానికి ఎవరైనా అడిగి తీసుకున్నప్పుడల్లా ఇలాగే తుడిచేవాడట. ఇప్పుడెవరూ అడగడం లేదట.

“ఈ ఉక్కు సంగతి అతనికి చెప్పావా?”

“ఎవరికండీ?” అంటూ యుగంధర్ పక్కకు తిరిగాడు. ఆకులో తొనలు కనిపించాయి. వాటినే చాలాసేపు చూశాడు. కొండరెడ్డి చేతిలోంచి తీసుకున్న వస్తువును ఆఫీసరు తుడుచుకుంటే, ఆ కొండల్లో దానికి ఒకటే అర్థం, ఆ చెయ్యి అంటు అని.

“నా మనసులో అది లేదండీ” అన్నాడు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో గుడ్డతో లేచి, ఏటి వైపు మెట్లు దిగబోయాడు.

“కత్తి తీసుకెళ్లు” అన్నారు అయ్యగారు. “గుడ్డ ఇక్కడ పెట్టి పో.”