కాశీలో వదిలిన మామిడికాయ

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అమ్మమ్మ అక్కడ, వినాల్సిన మీరు ఇక్కడ. ఫోన్లో చెప్పిద్దామంటే మీకు నిద్రవేళకి ఆవిడకి తెల్లారుతుంది. అందుకని ఆవిడ ఎలా చెప్పేదో అలాగే చెబుతాను. కథ కాస్త చేదుగా ఉంటుంది. తేనె కలపాలని నాకూ ఉంది గానీ, కలిపితే అది వేరే కథ అయిపోతుంది. దుప్పటి గడ్డం దాకా లాక్కోండి. ఊఁ కొడుతూ వినండి.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు వీధిలో, హైమ అని ఒక పిల్ల ఉండేది. హైమకి అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, సుభద్రమ్మ అని అమ్మమ్మ ఉంది. అమ్మమ్మ కూతురి దగ్గరే ఉండేది. ఆవిడ కలిపిన ఆవకాయంటే వీధి వీధంతా లొట్టలు వేసేది. ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఇరుగుపొరుగువాళ్ళు కాయలు మోసుకొచ్చి, "పిన్నిగారూ, మీ చేత్తో కలపండి. ఏడాదంతా చెక్కుచెదరదు" అనేవాళ్ళు.

కొత్తావకాయ జాడీకి ఎత్తాక, ఆ బేసిన్లోనే వేడన్నం వేసి, నెయ్యి పోసి, అమ్మమ్మ ముద్దలు చేసేది. మొదటి ముద్ద హైమకి. చివరి ముద్ద తనకి. ఆ చివరి ముద్ద కళ్ళు మూసుకుని తినేది. తింటున్నంతసేపూ ఎవరు పిలిచినా పలికేది కాదు.

అలా ఉండగా ఆ ఊరి సెంటర్లోకి నూకరాజు ఫాస్ట్ ఫుడ్ బండి వచ్చింది. పెద్ద మూకుడు. మూకుడు చుట్టూ నిలువెత్తు మంట. టకటకమని గరిటె చప్పుడు. ఎర్రెర్రటి మంచూరియా, సాసు పోసిన నూడుల్స్. హైమ మొదటి రోజు తింది. రెండో రోజు అడిగింది. మూడో రోజు కింద పడి దొర్లి ఏడ్చింది.

ఆ తర్వాత ఆ పిల్లకి అన్నం సహించలేదు. పప్పు చూస్తే మొహం తిప్పుకునేది. స్కూలుకి పట్టుకెళ్ళిన క్యారేజీ గోడ మీద కాకులకి పెట్టేసి, ఇంటికొచ్చి ఖాళీ గిన్నె చూపించి, "మొత్తం తినేశానమ్మా" అనేది. నోరు పూసింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. అయినా సాయంత్రమయ్యేసరికి కాళ్ళు బండి వైపే నడిచేవి.

అప్పుడు నాన్న తిట్టి చూశాడు. లాభం లేకపోయింది. అప్పుడు అమ్మ ఇంట్లోనే నూడుల్స్ చేసి పెట్టింది. "దీనికి బండి వాసన లేదు" అని హైమ కంచం అవతలికి తోసేసింది. అప్పుడు అమ్మమ్మ కొంగు దోపుకుని లేచి, "మాణిక్యం వాళ్ళతో నేను కాశీ వెళ్తున్నాను. పిల్లని కూడా తీసుకెళ్తాను" అంది. మాణిక్యం అంటే పక్కింటావిడ. హైమ ఆవిణ్ణి పెద్దమ్మా అని పిలిచేది.

కాశీకి ఎందుకో తెలుసా? కాశీ వెళ్ళినవాళ్ళు గంగలో మునిగి, కాయో పండో వదిలెయ్యాలి. వదిలేశామంటే ఇక బతికున్నన్నాళ్ళూ దాన్ని నోట పెట్టకూడదు. అదీ మనకి బాగా ఇష్టమైనదే వదలాలి. ఇష్టంలేనిది వదిలి గంగమ్మని మోసం చేసే గడుగ్గాయిలూ ఉంటారనుకోండి.

రైలెక్కారు, దిగారు, మెట్ల మీదుగా నీళ్ళలోకి దిగారు. నడుం దాకా నీళ్ళలో నిలబడి అమ్మమ్మ అంది, "ఆ బండి తిండి ఇక్కడ వదిలెయ్యవే, నా తల్లి కదూ."

"అది కాయా కాదు, పండూ కాదు కదమ్మమ్మా. ఎలా వదులుతారు?" అంది హైమ.

మాణిక్యం పకపకా నవ్వింది. "దీని నోరు చూశారా పిన్నిగారూ! ఏ ప్లీడరు కడుపునో పుట్టాల్సింది."

హైమ ముక్కు మూసుకుని మూడు మునకలు వేసి, "కాకరకాయ వదిలేశాను" అంది. కాకరకాయ ఆ పిల్ల ఎప్పుడు తింది గనక!

ఆ తర్వాత అమ్మమ్మ మునిగింది. ఒక మునక. రెండో మునక. మూడో మునకకి ముందు ఆవిడ చేతులు జోడించి ఏదో గొణిగింది. పక్కనున్న మాణిక్యానికి వినబడింది. హైమకి చెవుల నిండా నీళ్ళు, వినబడలేదు. అమ్మమ్మ మునిగి లేచి, "మామిడికాయ వదిలేశాను" అంది.

మాణిక్యం నవ్వు ఠక్కున ఆగిపోయింది. "ఇదేం పని పిన్నిగారూ! ఏ సీతాఫలమో వదిలితే పోయేది కదా. ఆవకాయ లేకుండా మీకు ముద్ద దిగుతుందా? పైగా, మీరు నోట పెట్టకపోతే మా జాడీలకి ఉప్పెవరు చూస్తారు?"

"నా మనవరాలు చూస్తుంది" అంది అమ్మమ్మ. తడి చేత్తో హైమ గడ్డం పట్టుకుని, "ఇవాళ్టి నుంచీ నీ నాలుకే నా నాలుక. సరేనా?" అంది.

సరే అంది హైమ. అనడానికేం?

ఎండాకాలం వచ్చింది. ఆ ఏడు ముందుగానే రెండు వానలు పడి ఉప్పు చెమ్మగిల్లింది. చెమ్మ ఉప్పు గిద్దతో కొలిస్తే నిండుగానే కనబడుతుంది, కాయ పులుపుకి మాత్రం చాలదు. చేతికి తెలియదు, కంటికి తెలియదు. నాలుకకి ఒక్కదానికే తెలుస్తుంది.

అమ్మమ్మ మూడు జాడీలు కలిపింది. ఒకటి తమ ఇంటికి. ఒకటి మాణిక్యం ఇంటికి. ఒకటి మాణిక్యం కూతురికి. ఆ అమ్మాయికి కొత్తగా పెళ్ళయింది. పుట్టింటి నుంచి అత్తవారింటికి వెళ్ళే మొదటి ఆవకాయ అది.

మూడో రోజు సాయంత్రం అమ్మమ్మ జాడీల మూతికి కట్టిన వాసెన గుడ్డలు విప్పి, పొడి చేత్తో మూడూ తిరగకలిపింది. ఉప్పు చూడాల్సింది ఆ రోజే. తక్కువైతే ఆ రోజే కలపాలి. అప్పుడే హైమ బండి దగ్గర్నుంచి వచ్చింది. నోట్లో ఇంకా మంచూరియా రుచి ఉంది. ఆవకాయ తగిలితే ఆ రుచి కాస్తా పోతుంది.

"రావే బంగారూ, ఉప్పు చూసి పో" అంది అమ్మమ్మ.

అప్పుడు హైమ ఏం చేసిందంటే, చూపుడువేలు జాడీలో ముంచి, పక్క వేలు నోట్లో పెట్టుకుంది. ముంచిన వేలు పావడాకి తుడిచేసింది. "సరిపోయిందమ్మమ్మా" అంది.

రెండో జాడీకీ అంతే. మూడో జాడీకీ అంతే.

"బాగా చూశావా?"

"చూశానన్నాగా!"

అమ్మమ్మ మూడు జాడీలకీ మళ్ళీ వాసెన కట్టేసింది.

ఆ తర్వాత వానలు పట్టాయి. కూరలు దొరకని రోజుల్లో జాడీలు తెరిచారు. ఇంటి జాడీ మీద తెల్లటి బూజు. మాణిక్యం జాడీ మీద బూజు. పెళ్ళికూతురి జాడీ వాళ్ళత్తగారు ఆటోలో పెట్టి తిప్పి పంపించింది. "మీ పుట్టింటివాళ్ళు బూజు కూడా సారెలో పెడతారని తెలియదమ్మా" అని కబురు కూడా పంపింది.

మాణిక్యం ఆ జాడీ తెచ్చి గుమ్మంలో దబ్బున పెట్టింది. "ఏం పిన్నిగారూ, నా కూతురు అక్కడ తలెత్తుకోవద్దా?"

అమ్మమ్మ జాడీలోకి చూసింది. ముక్క ఒకటి తీసి నలిపి వాసన చూసింది. "నా చెయ్యే తప్పింది మాణిక్యం. పెద్దదాన్నయ్యాను" అంది. హైమ తలుపు చాటున నిలబడి ఉంది. అమ్మమ్మ ఆ పిల్ల వైపు చూడలేదు. చూసి ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

మాణిక్యం వెళ్ళిపోతూ గేటు దగ్గర హైమ రెక్క పట్టుకుంది. "మీ అమ్మమ్మ గంగలో ఏమని మొక్కుకుందో తెలుసుటే నీకు? ‘తల్లీ, నా ప్రాణంలాంటిది నీకిచ్చేస్తున్నాను. నా పిల్ల నోరు బాగుచెయ్యి, దానికి అన్నం రుచి మళ్ళీ తెలియనియ్యి’ అంది. నీ కోసం నాలుక కాశీలో వదిలేసి వచ్చింది. మాకీ బూజు మిగిలింది!"

హైమ రెక్క విదిలించుకుని పరిగెత్తింది. ఎక్కడికి? అలవాటుగా కాళ్ళు ఎక్కడికి తీసుకెళ్తాయో అక్కడికే. నూకరాజు బండి దగ్గరికి.

"ఏం పాపా, ఇవాళ లేటు?" అంటూ నూకరాజు ప్లేటు అందించాడు. పొగలు కక్కుతోంది. హైమ ఒక ముద్ద పెట్టుకుంది. ఉప్పు. ఇంకో ముద్ద పెట్టుకుంది. ఉప్పూ, మాడిన నూనే. దాని వెనక ఇంకేమైనా ఉందేమోనని వెతికింది. ఏమీ లేదు. మూడో ముద్ద నోటి దాకా వెళ్ళలేదు.

"ఏం, ఉప్పు సరిపోలేదా?" అన్నాడు నూకరాజు.

సరిపోయింది అనబోయింది హైమ. అనలేదు. ప్లేటు బల్ల మీద పెట్టేసి ఇంటికి వచ్చేసింది.

ఆ సాయంత్రంతో ఆ యావ పోయింది, మళ్ళీ రాలేదు. హమ్మయ్య అనుకోకండి. వచ్చిన దారిన సుఖంగా పోలేదది.

అమ్మమ్మ దీపం పెడుతుంటే హైమ వెళ్ళి పక్కన కూచుంది. తన రెండు వేళ్ళూ చూపించింది. "ఈ వేలు ముంచానమ్మమ్మా. ఈ వేలు నాకాను."

అమ్మమ్మ వత్తి ఎగదోసింది. "ముంచిన వేలే నాకుంటే ఆ పిల్ల అత్తారింట్లో మాటపడకపోయేది కదే" అంది. అంతే. లేచి వెళ్ళి మజ్జిగన్నం కలిపి తెచ్చింది. హైమ ఒక్క మెతుకు వదలకుండా తింది. ప్రతి మెతుకు రుచీ తెలిసింది. అదే కష్టమైంది ఆ పిల్లకి.

మరుసటి ఎండాకాలం ఆ ఇంటికి ఎవరూ కాయలు తీసుకురాలేదు. వీధంతా కాయలు కొడుతున్న కత్తి చప్పుడు. అమ్మమ్మ అరుగు మీద కూచుని వినేది. హైమ వెళ్ళి మాణిక్యం పెద్దమ్మకి జరిగిందంతా చెప్పింది. మాణిక్యం విని, "చెప్పావు, మంచిదే. అయినా ఈసారికి వేరేచోట కలిపించేశాం" అంది.

అప్పుడు హైమ తనే సంతకెళ్ళి కాయలు తెచ్చింది. అమ్మమ్మ చెబుతుంటే కలిపింది. మూడో రోజున వేలు ముంచి, ఆ వేలే నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు తక్కువైందమ్మమ్మా" అంది.

అమ్మమ్మ గుప్పెడు వేసింది.

"ఇంకా పడుతుంది."

ఇంకాస్త వేసింది.

"ఇప్పుడు సరిపోయింది."

బేసిన్లో వేడన్నం వేశారు. నెయ్యి పోశారు. ఈసారి ముద్దలు చేసింది హైమ. అమ్మకి పెట్టింది, నాన్నకి పెట్టింది, పాత అలవాటుకొద్దీ చివరి ముద్ద అమ్మమ్మ నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. గుండె నిండా వాసన పీల్చింది. ఆ తర్వాత ఆ ముద్ద హైమ చేతిలోంచి తీసుకుని హైమ నోట్లోనే పెట్టింది.

"ఎలా ఉందో చెప్పవే" అంది.

గంగమ్మ తన మాట నిలబెట్టుకుంది. అమ్మమ్మ తన మాట నిలబెట్టుకుంది. ఆ జాడీ ఏడాదంతా నిలిచింది. ఆ ఆవకాయ ఎలా ఉండేదో అందరికీ తెలుసు, అమ్మమ్మకి తప్ప.

ఊఁ కొట్టడం మానేశారే? నిద్రపోయారా, ఏడుస్తున్నారా? పిల్లలూ, ఈ కథ మీరూ ఒకరోజు ఎవరికైనా చెప్పాలి. చెప్పేటప్పుడు, చివర్లో అమ్మమ్మ ఆ ముద్ద తినేసిందని మార్చి చెప్పాలనిపిస్తుంది. నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. మార్చకండి. ఆవిడ తినలేదు.

కాయ గంగకి, ఉప్పు జాడీకి,
ముంచిన వేలే నోటికి,
కథ కంచికి, కునుకు కంటికి,
విన్న మాట మీ పిల్లల చెవికి.